పార్శ్వపు నొప్పికి నొక్కుకుంటే చాలా? బిళ్లలు మానెయ్యాలా?

ప్రశ్న: అక్కా, మాది నరసాపురం దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. ఇంటి పని చూసుకుంటూ లేసు అల్లుతాను. పదేళ్లుగా ఎడమ కణత దగ్గర మొదలై సగం తల పగిలిపోయేలా నొప్పి వస్తోంది. ముందు కళ్లెదుట రంపపు పళ్లలా మెరుపులు, తర్వాత నొప్పి, ఆ తర్వాత పసరు వాంతి. మా అమ్మకీ ఇలాగే ఉండేది, తలకి గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేది. పైత్యం అని మా అత్తయ్య గారంటారు. మెడికల్ షాపులో ఇచ్చే బిళ్లలు వారానికి నాలుగైదు సార్లు వేసుకుంటాను. మొన్న ఊళ్లో ఆక్యుప్రెషర్ శిబిరం పెడితే వెళ్లాను. బిళ్లలన్నీ విషం, ఈ రోజే మానెయ్, నొక్కుకుంటే చాలు అన్నారు. శిబిరం నడిపే ఆయన కణతలు నొక్కుతుంటే ప్రాణం పోయినంత పనైంది. బిళ్లలు మానేశాక నాలుగు రోజులు మంచం దిగలేదు. కార్తీక సోమవారాల్లో మరీ ఎక్కువ. 1,200 రూపాయలు పెట్టి బొడిపెల చెప్పులు కూడా కొన్నాను. గర్భం రాకుండా ఆశా అమ్మాయి ఇచ్చే మాలా-ఎన్ తప్ప ఇంకే మందులూ వాడను. ఈ నొక్కుడు నిజంగా పనిచేస్తుందా? ఎక్కడ నొక్కాలి? నన్ను మీ చెల్లెలనుకుని చెప్పండి.

సమాధానం:

చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. 28 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. అంతకంటే ఎక్కువ కాలంగా ఈ నొప్పి నాకూ ఉంది. అందుకే నీ ఉత్తరంలో ప్రాణం పోయినంత పనైంది అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. అది ఊరికే రాసిన మాట కాదని నాకు తెలుసు.

నీకు కావలసిన జవాబు ముందే చెప్పేస్తాను. నొక్కుకో. తల మీద కాదు, చేతుల మీద. బిళ్లలు తగ్గించాల్సిందే, అయితే శిబిరంలో చెప్పిన పద్ధతిలో కాదు. ఇంకొకటి, నువ్వు అడగనిది ఉంది. అది ఈ రెండింటికంటే అవసరం: మాలా-ఎన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి, ఈ వారంలోనే. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

ముందు ఆ పైత్యం సంగతి తేల్చుకుందాం. మనవైపు తలనొప్పితో వాంతి అయిందంటే చాలు, పైత్యం చేసిందంటారు. నిమ్మరసం తాగిస్తారు, జీలకర్ర నమలమంటారు. వాంతిలో పసరు కంటికి కనిపిస్తుంది కాబట్టి అలా అనుకోవడంలో వింతేమీ లేదు, మా అమ్మమ్మా అలాగే అనేది. కానీ జరిగే వరస వేరు. నొప్పి తలలో మొదలవుతుంది, కడుపు దాని వెనకాల పడుతుంది. నీకు కనిపించే మెరుపులు కంట్లో పుట్టేవి కావు. మెదడు వెనక భాగంలో, చూపును చూసుకునే చోట, ఒక విద్యుత్ అల నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా పాకుతుంది. అందుకే ఆ రంపపు పళ్లు చిన్న చుక్కలా మొదలై పావుగంట, అరగంటలో పక్కకు పెరుగుతూ పోతాయి. తర్వాత ముఖానికీ తలకీ స్పర్శ అందించే ట్రైజెమినల్ నరం రేగుతుంది. మెదడు మీది పొరల్లో రక్తనాళాల చుట్టూ వాపు వస్తుంది, గుండెతో పాటు కొట్టుకుంటున్నట్టు ఆ పోటు అక్కణ్నుంచే. అదే సమయంలో కడుపు కదలిక మందగిస్తుంది. తిన్నది కిందికి దిగదు, మింగిన బిళ్లా దిగదు. ఖాళీ కడుపుతో వాంతి చేసుకుంటే వచ్చేది పసరే కదా. ఏ వైద్యమూ చేయకపోతే ఇది 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కుటుంబాల్లో దిగివచ్చే జబ్బు ఇది, మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మీ అమ్మగారి నుంచి నీకు వచ్చి ఉంటుంది. నీ తిండి యావ వల్ల వచ్చిందో, నీకు ఓర్పు లేక వచ్చిందో కాదు.

మీ అమ్మగారు తలకు గుడ్డ బిగించుకోవడం కూడా నొక్కుడే. చైనా వాళ్లు దానికి లెక్కా పద్ధతీ పెట్టుకున్నారు. వాళ్ల సంప్రదాయ వైద్యంలో సూదులు గుచ్చే చోట్లనే వేలితో నొక్కితే అది ఆక్యుప్రెషర్. సూదుల మీద పరిశోధన బాగానే జరిగింది. 2016లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 22 పరిశోధనలను కలిపి చూసి, పార్శ్వపు నొప్పి వచ్చే రోజుల సంఖ్యను అది తగ్గించగలదని చెప్పింది. అయితే అసలు చోట కాకుండా ఉత్తుత్తిగా గుచ్చించుకున్నవాళ్లకూ కొంత తగ్గింది, ఇద్దరి మధ్య తేడా చిన్నదే. వేలితో నొక్కడం మీద జరిగినవి తక్కువ, చిన్నవి. ఒక్క విషయంలో మాత్రం కాస్త మెరుగైన ఆధారం ఉంది. మణికట్టు దగ్గర ఒక చోట నొక్కితే ఆపరేషన్ల తర్వాత వచ్చే వికారం, వాంతులు తగ్గుతున్నాయి. పార్శ్వపు నొప్పిలో వచ్చే వికారానికీ అది సాయం చేయడం నా ఒంటి మీదే చూశాను.

కాబట్టి నొప్పిని మాయం చేస్తుందని నేను చెప్పను. వికారం నెమ్మదిస్తుంది, మెడా భుజాలూ వదులవుతాయి, నొప్పి ఒక మెట్టు దిగవచ్చు, వేసుకున్న బిళ్ల పనిచేసేదాకా పట్టుకోవడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. మెరుపులు మొదలయ్యాక, ఇక వచ్చేస్తోంది అని బిగుసుకుపోయి కూర్చునే ఆ పావుగంటలో అది తక్కువ సాయం కాదు.

ఇక ఎక్కడ నొక్కాలంటే, మొదటిది మణికట్టు. అరచెయ్యి పైకి తిప్పు. గాజులు మోచేతి వైపు తోసుకో, లేకపోతే సరిగ్గా ఆ చోటునే అడ్డం పడతాయి. మణికట్టు మడత మీద నుంచి మోచేతి వైపుకి నీ మూడు వేళ్లు అడ్డంగా ఆనించు. మూడో వేలు ఎక్కడ ఆగిందో అక్కడ, చేతి మధ్యలో, పిడికిలి బిగిస్తే రెండు తాళ్లు పైకి తేలతాయి. ఆ రెండింటి నడుమ సందే నువ్వు నొక్కాల్సింది. పిడికిలి వదిలేసి, రెండో చేతి బొటనవేలి మెత్తతో లోపలికి నొక్కి పట్టుకో. గోరు దిగకూడదు. ఊపిరి వదిలేటప్పుడు కాస్త గట్టిగా, పీల్చేటప్పుడు కాస్త వదులుగా, రెండు మూడు నిమిషాలు. తర్వాత రెండో చెయ్యి.

నేను దీన్ని నమ్మింది గోదారి దాటించే ఒక పంటు మీద. సఖినేటిపల్లి రేవులో ఎక్కి నరసాపురం వస్తున్నాను, మిట్టమధ్యాహ్నం. నీళ్ల మీద ఎండ ముక్కలుముక్కలై కళ్లలో పడుతోంది. పంటు ఇంజను పొగ వాసన. సగం గోదారి దాటేసరికి మెరుపులు మొదలయ్యాయి. దిగడానికి లేదు, పడుకోవడానికి లేదు. చీర కొంగు ముఖం మీదికి లాక్కుని, ఎండకి వీపు పెట్టి, మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. రేవుకు చేరేసరికి నొప్పి ఉంది, వాంతి మాత్రం కాలేదు. వాంతి కాలేదు కాబట్టి బిళ్ల కడుపులో నిలిచింది. బిళ్ల నిలిచింది కాబట్టి సాయంత్రానికి లేచి అన్నం వండుకున్నాను. ఈ నొక్కుడుకి నేనిచ్చే విలువ అంతే, అది నాకు చాలు.

రెండోది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ. బొటనవేలిని చూపుడువేలికి ఆనిస్తే అక్కడ కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బులో ఎత్తయిన చోటు చూసుకుని, చెయ్యి వదులు చేసి, చూపుడువేలి ఎముక వైపుకి నొక్కు. సరైన చోటు తగిలితే లాగుతున్నట్టు మొద్దుగా నొస్తుంది. చురుక్కుమంటే పక్కకు జరుపు. దీన్ని చైనా వాళ్లు హెగు అంటారు. మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాల్లో, అంటే ఒంట్లోని ఆయువుపట్టుల్లో, క్షిప్ర మర్మం ఉండేదీ ఇక్కడే, కణతల దగ్గర శంఖ మర్మం. అయితే ఆయన ఇక్కడ దెబ్బ తగలకుండా చూసుకోమన్నాడు. ఎంత గట్టిగా నొక్కితే అంత మేలు అనేవాళ్లు ఆ మాట గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇక్కడ నీకో ఇబ్బంది ఉంది, అది శిబిరంలో ఎవరూ అడిగి ఉండరు. లేసు సూది పట్టే కుడిచేతిలో ఆ కండ పొద్దస్తమానం బిగుసుకునే ఉంటుంది. దాన్ని నొక్కితే వచ్చేది అల్లిక నొప్పి, సరైన చోటు దొరికిన గుర్తు కాదు. ఆ చేతిని కొబ్బరినూనె రాసి మెల్లగా రుద్దుకో చాలు. ఎడమచేతిని నొక్కించుకో, ఇంట్లో ఎవరిచేతైనా. నీ కుడి బొటనవేలికి మళ్లీ ఆ పని కూడా పెట్టకు. ఈ ఉత్తరం చదివే గర్భిణులెవరైనా ఉంటే ఈ హెగు చోటు జోలికి వెళ్లవద్దు, ఆ వైద్యం తెలిసినవాళ్లే కడుపుతో ఉన్నప్పుడు వద్దంటారు.

మూడోది మెడ వెనక. జడ విప్పేసి, చెవుల వెనక ఎముక నుంచి వేళ్లు మెడ మధ్యకు జరుపుతూ వస్తే పుర్రె అంచు కింద రెండు పక్కలా రెండు గుంటలు తగులుతాయి. రెండు బొటనవేళ్లూ అక్కడ పెట్టి తల బరువు వాటి మీదికి వాల్చు. ఇది నొప్పి లేని రోజుల్లో, అల్లిక ముగించి లేచాక చేసుకునేది. మెడ ముందువైపు, నాడి కొట్టుకునే పక్క భాగాలు నొక్కకూడదు. సెలూన్లలో చేసినట్టు మెడ టక్కున తిప్పించుకోవడం అసలే వద్దు. మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

శిబిరంలో కణతలు నొక్కితే ఎందుకంత బాధైందో ఇప్పుడు చెబుతాను. పార్శ్వపు నొప్పి ముదిరాక చాలామందికి తల మీద చర్మమే రేగిపోతుంది. దువ్వెన పెట్టలేం, చెవి కమ్మలు బరువు, దిండు గుచ్చుకుంటుంది. మామూలు స్పర్శను కూడా నరాలు నొప్పిగా లెక్కగట్టే దశ అది. అప్పుడు కణతలు నలపడమంటే పుండు మీద కారం చల్లడమే. తప్పు నీది కాదు, నీ కణతది కాదు, ఆ వేళది. నొప్పి ఇంకా ముదరని తొలి నిమిషాల్లో, అదీ చేతుల మీద నొక్కుకో. శొంఠి పట్టు, అమృతాంజనం కూడా ఇంతే. హాయిగా ఉంటే రాసుకో, ఆ ఘాటు కడుపులో తిప్పితే కడిగెయ్.

బిళ్లల లెక్కకు వద్దాం. వారానికి నాలుగైదంటే నెలకు 16 నుంచి 20. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మామూలు నొప్పి బిళ్లలు నెలలో 15 రోజులు, అంతకు మించి, కెఫీన్ లాంటివి కలిపిన తలనొప్పి బిళ్లలైతే 10 రోజులు, అంతకు మించి, మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్లలే తలనొప్పి తెచ్చిపెడతాయి. తగ్గించడానికి వేసుకున్నదే మళ్లీ రప్పిస్తుంది. నువ్వు ఆ గీత దాటి ఉన్నావు. కాబట్టి ఎక్కువ వాడుతున్నావన్న మాట నిజమే. కానీ ఎవరి తోడూ లేకుండా, బదులుగా ఏ మందూ లేకుండా ఒక్కరోజులో మానెయ్యమనడం అన్యాయం. అలా మానితే కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పది రోజులు, నొప్పి విరుచుకుపడుతుందని తెలిసినవాళ్లు ముందే చెబుతారు. నిన్ను మంచం దించని ఆ నాలుగు రోజులు అవే. నొక్కుడు పనిచేయక కాదు, నువ్వు సరిగ్గా నొక్కక కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లు. ముందు మీ ప్రభుత్వాసుపత్రికి, అక్కడ తేలకపోతే కాకినాడ పెద్దాసుపత్రిలో న్యూరాలజీ విభాగానికి. వచ్చినప్పుడు వేసుకునే మందు వేరు, రాకుండా రోజూ వాడే మందు వేరు. రెండోదాని సంగతే నీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్ లాంటివి ఉన్నాయి, ఏది నప్పుతుందో వాళ్లు చూస్తారు. ఉబ్బసం ఉంటే తప్పకుండా చెప్పు, ప్రొప్రనొలాల్ పడదు. ఇవి రెండు మూడు నెలలు వాడితే గానీ గుణం తెలియదు, పదిరోజులకే వదిలెయ్యకు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది వారానికి రెండు రోజులు దాటకూడదు. వేసుకునేదేదో కడుపు మందగించకముందే, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. వాంతులయ్యాక మింగితే డబ్బు దండగ.

ఇప్పుడు మాలా-ఎన్. అందులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉంటుంది. నొప్పికి ముందు మెరుపులు కనిపించే రకం పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక బిళ్లలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, అందుకే వాడవద్దంటారు. ఆశా అమ్మాయి తప్పేం లేదు, మెరుపుల సంగతి నువ్వు చెప్పి ఉండవు, ఆవిడ అడిగి ఉండదు. ఛాయా అనే గర్భనిరోధక బిళ్లలో ఈ హార్మోన్ లేదు, కాపర్-టి ఉంది. మీ ఆయనకు కూడా చెప్పి, ఇద్దరూ కలిసి వెళ్లి మార్పించుకోండి. భయపడి రాత్రికి రాత్రే మానేసి, ఇంకో జాగ్రత్త లేకుండా ఉండిపోకు.

డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకు. ఇంట్లో పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, అందులోనే నొప్పి వచ్చిన తేదీకి చుక్క, బిళ్ల వేసుకున్న రోజుకి గీత, బహిష్టు రోజులకు సున్నా పెట్టు. నెల తిరిగేసరికి ఏ రోజుల్లో వస్తోందో ఆ కాగితమే చెబుతుంది. బహిష్టుకు ముందు ఈస్ట్రోజన్ పడిపోయే రోజుల్లో చాలామందికి వస్తుంది.

సోమవారాల సంగతి మాత్రం క్యాలెండర్ అక్కర్లేకుండానే తెలుస్తోంది. పొద్దున చన్నీళ్ల స్నానం, పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా సాయంత్రం చుక్క కనిపించేదాకా ఉండడం, పాలకొల్లు క్షీరారామం గుడిలో రద్దీలో క్యూ, అగరు పొగ, కర్పూరం. నిద్ర కూడా తక్కువే. ఈ నొప్పికి ఇష్టమైనవన్నీ ఒకే రోజున పెట్టావు. నేనూ కార్తీకం చేస్తాను, మానమనను. కటిక ఉపవాసం మాత్రం నీ ఒంటికి పడదు. గంటన్నరకోసారి కొబ్బరినీళ్లో, పాలో, అరటిపండో కడుపులో పడనీ. మన గోదావరి గడ్డ మీద వాటికేం కరువు లేదు. జబ్బు మనిషికి పెద్దలు సడలింపు ఇచ్చే ఉన్నారు, మీ ఊరి పూజారి గారినే అడుగు. మామూలు రోజుల్లో కూడా టీతో సరిపెట్టుకుని పదకొండు దాకా టిఫిన్ ముట్టకపోవడం ఉంటే, ముందు దాన్ని మార్చు.

లేసు పనిలో, తెల్ల దారాన్ని అరుగు మీద ఎదురెండలో పెట్టుకోకు. వెలుగు వెనక నుంచి, భుజం మీదుగా పడేలా కూర్చో. అరగంటకోసారి సూది పక్కన పెట్టి దూరంగా ఉన్న కొబ్బరిచెట్ల తలల్ని చూడు, మెడ పైకెత్తినట్టూ ఉంటుంది. కళ్ల పరీక్ష ఎన్నాళ్లయిందో గుర్తు లేకపోతే చేయించుకో. ముక్కల లెక్కన డబ్బులిచ్చే పని కాబట్టి ఆగితే నష్టమని నాకు తెలుసు. రెండు రోజులు మంచం మీద పోయే నష్టం ఇంకా పెద్దది.

నొక్కుకుంటూ కూర్చోకూడని తలనొప్పులు కొన్ని ఉన్నాయి. జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా పిడుగులా వస్తే. జ్వరంతో మెడ బిగుసుకుపోతే. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా. తలకు దెబ్బ తగిలాక వస్తే. ఫిట్స్ వస్తే. 50 దాటాక తొలిసారి వస్తే. కడుపుతో ఉన్నప్పుడు, కాన్పైన వారాల్లో వస్తే. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. నేను డ్యూటీలో ఉండగా కాన్పై ఆరు రోజులైన అమ్మాయిని తీసుకొచ్చారు. తలనొప్పంటే ఇంట్లో రెండు రోజులు శొంఠి పట్టు వేశారు, కణతలు నొక్కారు, దిష్టి తీశారు. ఫిట్స్ వచ్చాక ఆటో ఎక్కించారు. బీపీ ఆకాశంలో ఉంది. బతికింది, పసిదాన్ని ఎత్తుకుని ఇంటికి వెళ్లింది. కానీ ఆ రాత్రి వాళ్లమ్మ, నొక్కితే తగ్గుతుందనుకున్నామమ్మా, అని పదేపదే అన్న గొంతు నాకిప్పటికీ వినపడుతుంది.

మీ అత్తయ్య గారికి ఈ జవాబు చదివి వినిపించు. అమ్మా, మీ కోడలు నటించడం లేదు. మెరుపులు మొదలయ్యాయని చెప్పినప్పుడు ఆ పిల్లని ఒక గంట చీకటి గదిలో పడుకోనివ్వండి, ఎండు చేపల వేపుడు ఆ పూటకి ఆపించండి. చెయ్యి నొక్కడం మీకు మీ పెద్దల దగ్గర నుంచి వచ్చే ఉంటుంది. ఆ ఎడమచేతి కండ పట్టుకుని మీరు రెండు నిమిషాలు నొక్కితే, శిబిరంలో ఎవరో నొక్కినదానికంటే మేలు.

చివరికి ఆ చెప్పులు. వాటితో తలనొప్పి పోదు. కొన్నావు కాబట్టి, అరికాళ్లకు హాయిగా ఉంటే సాయంత్రం పది నిమిషాలు ఇంట్లో వేసుకుని తిరుగు. అత్తయ్య గారికి గానీ, ఇంట్లో మరెవరికైనా గానీ షుగర్ ఉంటే వాళ్లను మాత్రం వాటిలో కాలు పెట్టనివ్వకు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాలి స్పర్శ తగ్గి ఉంటుంది, ఆ బొడిపెలకు పుండు పడినా తెలియదు.